పంపు కొత్తది, రొద పాతది: పవర్ స్టీరింగ్ మరమ్మతు తరువాత శబ్దం ఎందుకు ఆగదు?

సంగ్రహం: పవర్ స్టీరింగ్ పంపు మార్చాక కూడా మూలుగు వినిపిస్తుంటే, తప్పు చాలాసార్లు కొత్త పంపుది కాదు. లైనులో మిగిలిన గాలి, పంపుకు ఆయిల్ అందించే గొట్టం దగ్గర కంటికి కనిపించని సందు, పాత పంపు వదిలిపోయిన లోహపు పొడి, కారుకు సరిపడని ఆయిల్ అసలు కారణాలై ఉంటాయి. వీటిని చూడకుండా రెండో పంపు కొంటే అదీ అలాగే మూలుగుతుంది.

చెన్నైలో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ కార్లకు ఇంకా కాలం చెల్లలేదు. మీనంబాక్కం విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల కోసం ఎదురుచూసే ఇన్నోవాలు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి వచ్చిపోయే బొలెరోలు, వారాంతంలో తిరుపతి దారి పట్టే పాత స్కార్పియోలు. వీటిలో స్టీరింగును తేలిక చేసేది కరెంటు మోటారు కాదు, ఒత్తిడితో పారే ఆయిల్. పదేళ్లు దాటిన బండ్లలో పంపు మూలగడం, దాన్ని మార్పించడం మామూలే. అయోమయమంతా ఆ తరువాతే మొదలవుతుంది. పుదుప్పేటలో వాడిన పంపో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త పంపో తెచ్చి బిగిస్తారు, ఆయిల్ పోస్తారు, బండి స్టార్ట్ చేస్తారు. అదే మూలుగు. ఒక్కోసారి మునుపటి కంటే గట్టిగా.

ఇక వాదనలు. సరుకు నకిలీదని మెకానిక్ అంటాడు. బిగించడం రాలేదని దుకాణదారు అంటాడు. ఇద్దరి మధ్య నలిగిన యజమాని మరో పంపుకు డబ్బు లెక్కపెడతాడు. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సామెత ఈ మరమ్మతుకు అతికినట్టు సరిపోతుంది. పంపు బిగించడం పనిలో సగమే. మిగతా సగం ఆయిల్‌కు, గొట్టాలకు, గాలికి సంబంధించినది. బిల్లులో ఆ సగానికి ప్రత్యేకమైన వరుస ఉండదు కాబట్టి తొందరలో జారిపోయేది కూడా అదే.

శబ్దం పుట్టే చోటు వేరు, వినిపించే చోటు వేరు

పంపు లోపల ఒక గుండ్రటి రోటరు, దాని గాడుల్లో లోపలికీ బయటికీ జారే సన్నని ఉక్కు రేకులు ఉంటాయి. చాలా పంపుల్లో ఇవి పది. ఇంజను బెల్టు రోటరును తిప్పుతుంది. తిరిగే వేగానికి రేకులు బయటికి జరిగి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రింగు గోడను ఒరుసుకుంటూ వెళ్తాయి. రేకుల మధ్య గది పెద్దదయ్యే చోట ఆయిల్ లోపలికి వస్తుంది, చిన్నదయ్యే చోట ఒత్తిడితో బయటికి పోతుంది. అక్కడి నుంచి ముందు చక్రాలను మళ్లించే స్టీరింగ్ రాక్‌కు వెళ్లి, పని ముగించుకుని, ఆయిల్ డబ్బాకు తిరిగి చేరుతుంది.

నేరుగా వెళ్తున్నప్పుడు ఈ వ్యవస్థలో పీడనం కొద్ది బార్లే. నిలిచి ఉన్న బండి చక్రాలను తిప్పితే 50 బార్లు దాటవచ్చు. స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టుకుంటే అది 80 నుంచి 100 బార్ల దాకా వెళ్తుంది, అక్కడ పీడనం హద్దు మీరకుండా ఆపే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. కారు టైరులో ఉండే గాలి సుమారు 2 బార్లు. ఈ పోలికతో చూస్తే బొటనవేలంత లావున్న గొట్టం ఎంత బరువు మోస్తున్నదో తెలుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో పంపు చాలా కష్టపడుతుందని ఎక్కువమంది అనుకుంటారు. నిజానికి టి.నగర్ సందులో ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా, కదలని బండిని ముందుకూ వెనక్కూ మళ్లించి ఇరుకులో నిలిపేటప్పుడే దానికి అసలు శ్రమ. కదిలే చక్రం తేలికగా తిరుగుతుంది, నిలిచిన చక్రం నేలను పట్టుకుని ఉంటుంది. మూలుగు ముందుగా పార్కింగులోనే వినిపించడానికి కారణం ఇదే.

శబ్దపు స్థాయికి కూడా లెక్క ఉంది. ఇంజను నిమిషానికి 750 సార్లు తిరుగుతోందని, పంపుదీ అదే వేగమని అనుకుంటే, సెకనుకు పన్నెండున్నర చుట్లు. పది రేకులు కాబట్టి సెకనుకు 125 తాకిళ్లు. ఆక్సిలరేటరు నొక్కి 3000కు తీసుకువెళ్తే 500. అందుకే ఈ మూలుగు ఇంజను వేగంతో పాటు సన్నబడుతూ పైకి లేస్తుంది. చక్రాల బేరింగు రొద బండి వేగాన్ని బట్టి మారుతుంది కాని, నిలిచిన బండిలో వినిపించదు. ఆల్టర్నేటరు శబ్దం ఇంజను వేగంతో మారుతుంది కాని, స్టీరింగు తిప్పితే పెద్దగా తేడా చూపదు. ఇంజను వేగం, స్టీరింగు తిప్పడం, ఈ రెండింటికీ స్పందించే శబ్దమే పవర్ స్టీరింగుది.

అయితే రొద పంపులోంచి వచ్చినంత మాత్రాన లోపం పంపులో ఉన్నట్టు కాదు. ఆయిల్‌లో గాలి ఎక్కడ కలిసినా, అది అరిచేది పంపులోనే. ఎందుకంటే బుడగ నలిగేది అక్కడే.

కారని లీకు

పంపుకు రెండు వైపులు. బయటికి పంపే వైపు ఒత్తిడి ఎక్కువ. అక్కడ సందు ఉంటే ఆయిల్ చిమ్ముతుంది, కింద మరక పడుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. డబ్బా నుంచి ఆయిల్ పీల్చుకునే వైపు సంగతి వేరు. పంపు పీలుస్తున్నప్పుడు అక్కడి పీడనం బయటి గాలి కంటే కాస్త తక్కువ. సందు ఉంటే ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి వెళ్తుంది. చుక్క కూడా కారదు. బండి కింద నేల పొడిగా ఉంటుంది కాబట్టి లీకు లేదని తేల్చేస్తారు. పంపు మార్చిన తరువాతి రొదల్లో ఎక్కువ భాగం ఈ పొరపాటు దగ్గరే చిక్కుకుంటాయి.

పంపు మార్చేటప్పుడు కచ్చితంగా కదిలేది కూడా ఈ వైపు గొట్టమే. ఏళ్ల తరబడి ఇంజను వేడికి గట్టిపడిన రబ్బరును లాగి తీస్తారు, మళ్లీ అదే గొట్టాన్ని కొత్త పంపు మూతికి ఎక్కిస్తారు. రబ్బరు పాత మూతి ఆకారానికి అలవాటుపడి ఉంటుంది, కొత్తదాన్ని పూర్తిగా పట్టదు. పాత స్ప్రింగు క్లిప్పు బిగువు తగ్గి ఉంటుంది. కొన్ని కార్లలో పంపు మూతి దగ్గర ఒక ఓ-రింగ్ ఉంటుంది. పాతదాన్నే తిరిగి వేస్తే, లేదా కొత్తదాన్ని ఆయిల్ రాయకుండా నొక్కితే అది మెలితిరిగి తెగుతుంది. రొద మాన్పించే వస్తువు ఒక్కోసారి ఈ రబ్బరు ఉంగరమే, దాని ధర పంపు ధరతో పోల్చదగినది కూడా కాదు.

కనిపెట్టడం కష్టం కాదు. ఇంజను నడుస్తుండగా, బెల్టుకు చేయి దూరంగా ఉంచి, పీల్చే వైపు అతుకుల చుట్టూ అదే పవర్ స్టీరింగ్ ఆయిల్‌ను చిక్కగా పూయాలి. ఆ క్షణంలో మూలుగు తగ్గినా, మారినా, గాలి అక్కడి నుంచే వెళ్తున్నదని అర్థం. గొట్టం కొన గట్టిపడి ఉంటే, పొడవు అనుమతించిన చోట ఒక సెంటీమీటరు కోసేసి తాజా రబ్బరును ఎక్కించవచ్చు. కొత్త గొట్టం, కొత్త స్క్రూ క్లిప్పు అంతకంటే నమ్మకం. వేడెక్కినప్పుడు గొట్టం మెత్తబడి, పీల్పుకు లోపలికి అణిగిపోతుంటే మాత్రం మార్చడం తప్ప దారి లేదు.

ఆయిల్ అందకపోయినా ఫలితం దాదాపు ఇదే. మామూలు పీడనం వద్ద ఖనిజ నూనెలో పరిమాణంలో సుమారు 9 శాతం గాలి కరిగి ఉంటుంది. కరిగిన గాలి చప్పుడు చేయదు. పీల్చే దారి ఇరుకై పీడనం పడిపోతే అది బుడగలుగా విడివడుతుంది. సోడా మూత తీసినప్పుడు జరిగేదీ ఇదే. ఆ బుడగలు రేకుల మధ్య నుంచి అధిక పీడనంలోకి ఒక్కసారిగా వెళ్లి నలిగిపోతాయి. చెవికి అందేది ఆ నలిగే రొదే. లోహపు ఉపరితలం మీద చిన్న గుంటలు పడటం దాని రెండో ఫలితం. అంటే గాలి ఉన్న వ్యవస్థలో బిగించిన కొత్త పంపు రోజురోజుకూ పాతబడుతోంది. మొదటి వారంలో గాలి సమస్యగా ఉన్నది కొన్ని నెలల తరువాత నిజంగానే పంపు సమస్యగా మారుతుంది.

గాలి తీయడం అనే తొందరపడని పని

కొత్త పంపు పొడిగా వస్తుంది. పొడిగానే బిగించి ఇంజను తిప్పితే ఆ కొద్ది సెకన్లలోనే రేకులు, రింగు గీసుకుపోతాయి. ముందుగా పంపులో ఆయిల్ పోసి, కప్పీని చేత్తో తిప్పి, అవతలి మూతి నుంచి ఆయిల్ వచ్చేదాకా చూసి బిగించడం మంచి పద్ధతి.

ఆపైన గాలి తీసే పని. ముందు చక్రాలను జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి, అప్పుడు టైరు నేలతో పోరాడదు. ఇంజను ఆపి ఉంచి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా, ఇరవై సార్లకు తక్కువ కాకుండా తిప్పాలి. డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా నింపుతూ ఉండాలి. బుడగలు రావడం ఆగాకే ఇంజను స్టార్ట్ చేయాలి. చేశాక కూడా ఆక్సిలరేటరు జోలికి పోకుండా, నెమ్మదిగా తిప్పాలి. చివరి దాకా తిప్పినప్పుడు ఐదు సెకన్లకు మించి అక్కడ పట్టి ఉంచకూడదు. అక్కడ ఆయిల్ రిలీఫ్ వాల్వు గుండా తిరిగి తిరిగి మరిగినంత పనవుతుంది.

గ్యారేజీల్లో జరిగేది దీనికి తలకిందులు. ఆయిల్ పోసి, ఇంజను స్టార్ట్ చేసి, గాలి తొందరగా పోతుందనే నమ్మకంతో ఆక్సిలరేటరు నొక్కి, స్టీరింగును గిరగిరా తిప్పుతారు. మజ్జిగ చిలికినట్టు గాలి, ఆయిల్ ఒకటైపోతాయి. ఎర్ర ఆయిల్ రోజ్‌మిల్క్ రంగుకు వస్తుంది. ఈ సన్నని బుడగలు పైకి తేలడానికి పట్టే సమయం వాటి సైజు మీద ఆధారపడుతుంది. బుడగ వ్యాసం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద బుడగ క్షణాల్లో పోతుంది, నురుగులోని అతి సన్నని బుడగకు గంటలు కావాలి. ఇలా అయిన బండిని రాత్రంతా కదపకుండా వదిలేయడమే ఉత్తమ చికిత్స. సాయంత్రం ఏడుకు బండి ఇచ్చేయాలన్న పట్టుదలే ఈ పనికి పెద్ద శత్రువు.

కొన్ని కార్లలో గొట్టాల దారి ఎత్తుపల్లాలుగా ఉండి గాలి ఒక వంపులో చిక్కుకుంటుంది. అక్కడ చేతి వాక్యూమ్ పంపు పనికివస్తుంది. డబ్బా మూతి దగ్గర దాన్ని అమర్చి 20 అంగుళాల పాదరసం మేర వాక్యూమ్ ఇచ్చి కొన్ని నిమిషాలు ఉంచితే, చిక్కిన బుడగ ఉబ్బి పైకి వస్తుంది.

ఎరుపంతా ఒకటి కాదు

కొత్త పంపుతో పాటు పోసే ఆయిల్ కూడా రొదకు కారణం కావచ్చు. టయోటా వంటి చాలా జపాన్ కార్లకు డెక్స్‌రాన్ తరగతి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సరిపోతుంది. అది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. హోండా హైడ్రాలిక్ స్టీరింగులకు ఆ కంపెనీ చెప్పే ప్రత్యేక ఆయిలే కావాలి. జర్మన్ కార్లలో చాలావాటికి ఆకుపచ్చ రంగు సింథటిక్ హైడ్రాలిక్ ఆయిల్ వాడతారు. చిక్కదనంలో, నురుగును అణిచే గుణంలో, రబ్బరు సీళ్లతో పొత్తులో ఇవి వేర్వేరు. రంగు కేవలం కలిపిన రంగే, దానిని నమ్మి కొనడం పొరపాటు. డబ్బా మూత మీద, లేదా యజమాని పుస్తకంలో ఉన్న పేరే ప్రమాణం.

సీసాలు పక్కపక్కనే ఉన్నాయని బ్రేక్ ఆయిల్ పోస్తే నష్టం శబ్దంతో ఆగదు. అది గ్లైకాల్ జాతి ద్రవం. ఖనిజ నూనె కోసం చేసిన సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుంది. పంపు, రాక్, గొట్టాలు మూడూ ఖర్చులోకి వస్తాయి.

పాత పంపు వదిలిపోయిన ఆస్తి

అరిగిన పంపును తీసేస్తాం కాని, అరిగినప్పుడు రాలిన లోహపు పొడి పంపుతో పాటు వెళ్లదు. గొట్టాల్లో, రాక్‌లో, డబ్బా అడుగున ఉండిపోతుంది. చాలా కార్ల డబ్బాలో ఒక సన్నని జల్లెడ ఉంటుంది. పొడి, పాత సీళ్ల రబ్బరు ముక్కలు దానికి పట్టుకుంటాయి. పై నుంచి చూస్తే డబ్బా నిండుగా కనిపిస్తుంది, కింద పంపు మాత్రం దాహంతో ఉంటుంది. ఇంజను వేగం పెంచినకొద్దీ, చల్లటి ఉదయం ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు రొద ఎక్కువగా ఉండటం దీని గుర్తు. కొన్ని డబ్బాల్లో జల్లెడ విడిగా రాదు. అలాంటప్పుడు డబ్బానే మార్చాలి.

కడిగే పద్ధతి తేలిక. డబ్బాకు తిరిగివచ్చే గొట్టాన్ని ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టాలి, డబ్బా వైపు మూతికి బిరడా వేయాలి. ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు కొత్త ఆయిల్ పోస్తూ, డబ్బా ఖాళీ కాకుండా చూస్తూ, సీసాలోకి వచ్చేది శుభ్రంగా కనిపించేదాకా సాగించాలి. వ్యవస్థలో పట్టేది లీటరు అటూ ఇటూ అయితే, కడగడానికి మరో లీటరు పోతుంది. ఈ అదనపు లీటరును మిగిల్చి కొత్త పంపును బలిపెట్టడం లెక్క తెలిసినవారు చేసే పని కాదు. వారంటీ కింద వెనక్కి పంపిన పంపులో మురికి ఆయిల్ కనిపిస్తే విక్రేత తిరస్కరించడానికి అది చాలు.

ఈ పొడిని రాక్ కూడా సహించదు. రాక్‌లోని వాల్వు సందులు చాలా సన్నవి. అక్కడ కణం ఇరుక్కుంటే స్టీరింగు ఒక వైపు తేలికగా, ఇంకో వైపు బరువుగా మారుతుంది. అది పంపు మార్చితే పోయే జబ్బు కాదు.

పంపుకు సంబంధం లేని శబ్దాలు

మూలుగు వేరు, కీచు వేరు. స్టార్ట్ చేసిన వెంటనే, లేదా స్టీరింగును చివరిదాకా తిప్పగానే కీచుమని అరిస్తే చూడాల్సింది బెల్టును. పంపు కోసం బెల్టు సడలించి, మళ్లీ సరిగా బిగించకపోతే అది జారుతుంది. పాత పంపు కారిన ఆయిల్ బెల్టుకు అంటి ఉంటే కూడా అంతే. కొన్ని పంపులకు కప్పీ విడిగా నొక్కి ఎక్కించాలి. దానికి తగిన పరికరం వాడకుండా సుత్తితో కొడితే షాఫ్టు, బేరింగు దెబ్బతింటాయి. పూర్తిగా లోపలికి వెళ్లకపోతే బెల్టు వంకరగా నడిచి, పిచ్చుక కిచకిచలాడినట్టు వినిపిస్తుంది.

క్యాబిన్ అంతా ఝుమ్మనే శబ్దం ఉండి, బానెట్ తెరిచి వింటే పెద్దగా లేకపోతే, అధిక పీడన గొట్టం బాడీని తాకుతున్నదేమో చూడాలి. ఇంజను కదలికను బాడీకి చేరకుండా గొట్టాన్ని రబ్బరు బిగింపుల్లో పట్టి ఉంచుతారు. ఆ బిగింపును తిరిగి వేయకపోతే బాడీ రేకు తబలా అవుతుంది. కొన్ని గొట్టాల లోపల పీడనపు కుదుపులను మింగే సన్నని లోపలి గొట్టం ఉంటుంది. కారిందని స్థానికంగా మామూలు హైడ్రాలిక్ గొట్టం కోయించి రెండు కొనలూ నొక్కించి వేస్తే ఆయిల్ కారడం ఆగుతుంది కాని, ఆ లోపలి గొట్టం పోతుంది. బలం సరిపోతుంది, నిశ్శబ్దం పోతుంది.

స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడు వచ్చే చిన్న బుస మాత్రం లోపం కాదు. అది రిలీఫ్ వాల్వు చేసే పని.

నీట మునిగిన బండ్లు

2015 డిసెంబరు వరదల్లోనూ, బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరులో చెన్నైని ముంచెత్తినప్పుడూ వేలాది కార్లు నీళ్లలో నిలిచాయి. ఆయిల్ డబ్బా మూతకు గాలి ఆడే రంధ్రం ఉంటుంది. నీటిమట్టం దాన్ని దాటితే నీళ్లు లోపలికి వెళ్తాయి. నీళ్లు కలిసిన ఆయిల్ కూడా పాల రంగులోనే ఉంటుంది కాబట్టి దాన్ని గాలి అని పొరబడటం సులువు. తేడా ఒక గాజు గ్లాసు చెబుతుంది. గాలి వల్ల తెల్లబడిన ఆయిల్ కొన్ని గంటల్లో తేటపడుతుంది. నీళ్ల వల్ల తెల్లబడినది మర్నాడూ మసకగానే ఉంటుంది. అలాంటి బండికి ఎంత గాలి తీసినా ఫలితం ఉండదు. మొత్తం ఆయిల్ తీసి కడగాల్సిందే.

నిజంగానే పంపు చెడ్డదైతే

కొత్త పంపు ప్రతిసారీ నిర్దోషే అనుకోకూడదు. విప్పి తిరిగి చేసిన పంపుల్లో రేకులను తలకిందులుగా వేయడం జరుగుతుంది. రేకు గుండ్రటి అంచు రింగు వైపు ఉండాలి. చూడటానికి ఒకేలా ఉన్నా ఆయిల్ పంపే సామర్థ్యం వేరుగా ఉన్న పంపును బిగించడం ఇంకో రకం. దీన్ని తేల్చేది చెవి కాదు, పీడనం చూపే గేజీ. అధిక పీడన లైనులో గేజీ, వాల్వు పెట్టి, ఐదు సెకన్లకు మించకుండా వాల్వు మూసి చూస్తే పంపు ఇవ్వగల గరిష్ఠ పీడనం తెలుస్తుంది. కంపెనీ చెప్పిన అంకె రాకపోతే పంపు దోషి. వచ్చి, ఆయిల్ తేటగా ఉండి, పీల్చే వైపు గట్టిగా ఉండి, ఇంకా గరగర వినిపిస్తే పంపు బేరింగును అనుమానించడం న్యాయం. ఈ పరీక్ష లేకుండా వెనక్కి పంపిన పంపుల్లో ఎన్ని నిజంగా చెడినవో చెప్పే దారి దుకాణదారుకూ లేదు.

రొదతోనే నడిపితే స్టీరింగు ఉన్నట్టుండి పనిచేయడం ఆగిపోదు. స్టీరింగు చక్రానికి, రాక్‌కు మధ్య లోహపు బంధం ఉంటుంది కాబట్టి ఆయిల్ సాయం పోయినా బండి తిరుగుతుంది, చేతులకు బరువు పెరుగుతుంది. అసలు ప్రమాదం మరో రెండు చోట్ల ఉంది. ఒకే బెల్టు అన్నింటినీ తిప్పే ఇంజనులో పంపు బిగుసుకుపోతే బెల్టు తెగి, చార్జింగు, కొన్ని కార్లలో కూలెంటు పంపు కూడా ఆగిపోతాయి. అధిక పీడన గొట్టం చిమ్మితే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద పడవచ్చు.

బండి తీసుకునే ముందు చేయగలిగిన ఒక పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఇంజను నడుస్తుండగా డబ్బాలో ఆయిల్ మట్టం ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, వెంటనే ఆపి మళ్లీ చూడాలి. ఇంజను ఆపగానే మట్టం ఐదు మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పైకి లేస్తే, ఒత్తిడికి అణిగి ఉన్న గాలి ఇప్పుడు విచ్చుకుందన్నమాట. మట్టం కదలకపోతే లైను నిండుగా ఉంది. ఈ పరీక్షను మర్నాడు ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మరోసారి చేయాలి. రాత్రికి లేని గాలి తెల్లవారేసరికి వచ్చి ఉంటే, అది పీల్చే వైపు అతుకు గుండా వచ్చిందే.